పొగ ఎవరింటికి పోయింది?

నిరుడు ఎలక్ట్రిక్ స్కూటర్ కొని, షోరూం ముందే ఫొటో దిగి అమ్మకు పంపాను. రాత్రి ఫోన్ చేసింది. బండి మంచిగున్నదంది, నెమ్మదిగా నడపమంది. కాసేపాగి, "దీనికి పొగ రాదట గద బిడ్డా, మరి కరెంటు యాడికెళ్లి వస్తది?" అని అడిగింది.

ఊరికే అడిగిన మాట కాదది. నలభై ఏళ్లకు పైగా బొగ్గు బాయిల నడుమ, పవర్‌హౌస్ గొట్టాలు కనబడే ఇంట్లో కాపురం చేసిన మనిషి. మా బాపు బాయి పనికి పోయేవాడు. చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున లేవగానే, వాకిలి ఊడ్చేకంటే ముందే, నీళ్ల గోళెం మీది రేకుమూత తుడిచేవాళ్లం. రాత్రి గాలి మావైపు తిరిగిందంటే ఆ మూత మీద వేలితో పేరు రాసుకునేంత బూడిద. అక్కా నేనూ పోటీపడి పేర్లు రాసేవాళ్లం. అమ్మ తడిగుడ్డతో ఒక్క ఊపున తుడిచేసేది. బట్టలు ఆరేసే ముందు గొట్టాల వైపు చూసి గాలి ఎటు వీస్తోందో పట్టుకునేది. ఇప్పటికీ అంతే.

ఆ రాత్రి ఆమెకు నేను సరైన జవాబు చెప్పలేదు. "ఇప్పుడంతా సోలార్ కరెంటే వస్తున్నదమ్మా" అన్నాను. అది నిజం కాదని తర్వాత లెక్కలు చూసుకుంటే తెలిసింది. అలాంటి మాటే ఇవాళ మంత్రులు అంటున్నారు, షోరూంల గోడల మీద రాస్తున్నారు, టీవీ చర్చల్లో వల్లిస్తున్నారు, బడిపిల్లలు వ్యాసరచన పోటీల్లో రాసి బహుమతులు తెచ్చుకుంటున్నారు. ఎలక్ట్రిక్ బండి అంటే కాలుష్యం సున్నా అని. 2018 నుంచి ఈ బండ్లకు ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఇస్తున్నారు. ఆ రంగు చూడగానే మనసులో ఒక తీర్పు పడిపోతుంది: ఈ బండి మంచిది, దీన్ని నడిపేవాడు ప్రకృతికి మేలు చేస్తున్నాడు. నా పేచీ ఆ సున్నాతోనే. ఆ సున్నాను నమ్ముకుని ప్రభుత్వాలు ఎవరికి ఎంత పన్ను వదిలేస్తున్నాయో, ఎవరి నెత్తిన ఎంత బరువు పెడుతున్నాయో, దానితో ఇంకా పెద్ద పేచీ.

ముందే ఒక మాట. పెట్రోల్ తరఫున వకాల్తా పుచ్చుకుని రాయడం లేదు. కోఠి చౌరస్తాలో ఎండలో నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కు, ఫుట్‌పాత్ మీద జామకాయలు అమ్ముకునే అమ్మకు ఎలక్ట్రిక్ బండి వల్ల జరిగే మేలు నిజమైనది. వాళ్ల ముక్కు ముందు నుంచి ఒక సైలెన్సర్ తగ్గింది. ఆ మేలును కాదనేవాళ్లతో నాకు పొత్తు లేదు. నేను అడిగేది ఆ సైలెన్సర్ ఎక్కడికి పోయిందని.

లెక్క ఇక్కడే వేసి చూపిస్తాను, ఎవరైనా సరిచూసుకోవచ్చు. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే మామూలు స్కూటర్ అయితే కిలోమీటరుకు 51 గ్రాములు. మన గ్రిడ్‌లో ఒక యూనిట్ కరెంటు వెనక సగటున 0.7 కిలోలు ఉంటుందని సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ లెక్క చెబుతోంది. నా స్కూటర్ నిండా చార్జ్ కావడానికి, చార్జర్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుని, మూడున్నర యూనిట్లు పడుతుంది. దాంతో 95 కిలోమీటర్లు తిరుగుతుంది. అంటే కిలోమీటరుకు 26 గ్రాములు. పెట్రోల్ స్కూటర్‌లో సగం. ఆ సగం తగ్గడం లాభమే, నేను ఆ బండి అమ్మేయకపోవడానికి కారణం కూడా అదే. కానీ మిగిలిన సగం ఎక్కడో ఒకచోట గాల్లో కలుస్తూనే ఉంది.

దాన్నే బొగ్గుగా చెప్పుకుంటే మా ఊరివాళ్లకు ఇంకా బాగా అర్థమవుతుంది. మన థర్మల్ కేంద్రాల్లో ఒక యూనిట్‌కు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కాలుతుంది. మన బొగ్గులో బూడిద పాలు ఎక్కువ, మూడో వంతు పైమాటే. ఆ కరెంటంతా బొగ్గుదే అయితే నా స్కూటర్ ఒక్కసారి నిండేసరికి రెండు కిలోల పైచిలుకు బొగ్గు కాలి, ముప్పావు కిలో దాకా బూడిద మిగులుతుంది. ఆ బూడిదలో కొంత భాగాన్ని నీళ్లలో కలిపి బూడిద చెరువుల్లోకి పంపుతారు. ఎండాకాలం ఆ చెరువు ఒడ్డు ఎండితే, ఈదురుగాలి లేస్తే, అది మళ్లీ గాల్లోకే వస్తుంది. రామగుండం, పాల్వంచ, మణుగూరు, ఇటు పరవాడ, ఇబ్రహీంపట్నం, ఎక్కడ థర్మల్ కేంద్రం ఉంటే అక్కడ ఆ చుట్టుపక్కల ఊళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

"అదంతా పాత కథ, గ్రిడ్ ఆకుపచ్చగా మారిపోతోంది కదా" అంటారు. ఈ వాదనకు ఆధారంగా ఒక అంకె చూపిస్తారు: 2025 మధ్యకల్లా దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదే అయింది. అంకె నిజమే. కానీ సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. సోలార్ పలక రాత్రి పని చెయ్యదు, మబ్బు పడితే మందగిస్తుంది. బొగ్గు కేంద్రం రాత్రింబవళ్లు తిరుగుతుంది. అందుకే సామర్థ్యంలో సగం అయినా, నిజంగా మన ఇళ్లకు వచ్చే కరెంటులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఇంకా బొగ్గుదే. పైగా మనం బండి ఎప్పుడు చార్జింగ్ పెడతాం? ఆఫీసు నుంచి వచ్చి, బండి పార్కింగ్‌లో పెట్టి, ప్లగ్ గుచ్చి, పైకి పోయి అన్నం తింటాం. సూర్యుడు దిగిపోయాక, ప్రతి ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఒక్కసారి వేసుకునే వేళ అది. మధ్యాహ్నం రాయలసీమలో, మహబూబ్‌నగర్‌లో పలకల మీద పండిన కరెంటు ఆ వేళకు ఉండదు. పగటిపూట ఆఫీసుల దగ్గర, కాలేజీల దగ్గర ప్లగ్‌లు పెట్టించి ఉంటే సోలార్ మాట కొంత నిజమయ్యేది. ఆ పని చేయకుండా రాత్రి బొగ్గు కరెంటు మీద నడుస్తున్న బండిని సూర్యుడి బండి అని పిలవడం తప్పు. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని మనం ఇప్పుడే కొత్తగా వెలిగిస్తున్నాం. అది ఈ ఏడాదికో వచ్చే ఏడాదికో ఆపేయడానికి కట్టింది కాదు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన విషయం మాత్రం వేరే. బండ్ల పొగ మీద నిబంధనలు బిగుస్తూ వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 నుంచి ఒక్క గెంతులో బీఎస్-6 కు మారాం. కంపెనీలు మొరపెట్టుకున్నా ప్రభుత్వం తగ్గలేదు. అదే కాలంలో పవర్‌హౌస్ గొట్టాల సంగతి చూడండి. గంధకపు పొగను కడిగే యంత్రాలు పెట్టాలని 2015 లో నిబంధన తెచ్చారు. గడువు మీద గడువు పెంచుకుంటూ పోయారు. చివరికి 2025 జూలైలో దాదాపు 78 శాతం యూనిట్లకు ఆ యంత్రాల అవసరమే లేదని కేంద్ర పర్యావరణ శాఖ మినహాయింపు ఇచ్చేసింది. యంత్రం తప్పనిసరిగా ఎవరు పెట్టాలి? ఢిల్లీ పరిసరాలకు గానీ, పది లక్షల జనాభా దాటిన నగరాలకు గానీ 10 కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు. అంటే ఆ నిబంధనే తన నోటితో చెబుతోంది, నగరం ఊపిరి ఒక లెక్క, ఊరి ఊపిరి ఇంకో లెక్క అని. దీన్ని ఎలక్ట్రిక్ బండి పక్కన పెట్టి చూడండి. నిబంధన గట్టిగా ఉన్న సైలెన్సర్‌ను మూసేసి, నిబంధన సడలించిన గొట్టానికి ఆ పనిని అప్పజెప్పాం. ఎలక్ట్రిక్ వాహనాల మీద ఉత్సాహంగా మాట్లాడే ఒక్క వేదిక మీద కూడా ఈ రెండు సంగతులను కలిపి చెప్పగా నేను వినలేదు.

ఇక బండి సైజు దగ్గరకు వద్దాం, ఎందుకంటే సున్నా అనే మాట చేసిన అసలు నష్టం ఇక్కడుంది. నా స్కూటరూ ఆకుపచ్చ ప్లేటే, పాతిక లక్షల ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కూడా ఆకుపచ్చ ప్లేటే. పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ 100 కిలోమీటర్లు తిరగడానికి చార్జింగ్ నష్టంతో కలిపి 20 యూనిట్ల దాకా తాగుతుంది. పైన చెప్పిన లెక్క ప్రకారం కిలోమీటరుకు 140 గ్రాములు. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే చిన్న పెట్రోల్ కారు 128 గ్రాములు. రెండు వైపులా తవ్వకం, రవాణా లెక్కలు వదిలేశాను. బ్యాటరీ తయారీలో పోయేదీ వదిలేశాను. అది కలిపితే, ఒక యూనిట్ సామర్థ్యమున్న బ్యాటరీ తయారవడానికి ఎంత లేదన్నా 60 కిలోల నుంచి 100 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ పోతుంది కాబట్టి, 50 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు షోరూంలోంచి బయటికి రాకముందే మూడు నుంచి ఐదు టన్నులు ఖర్చు రాసుకుని వస్తుంది. బరువు సంగతి సరేసరి. ఒకే మోడల్ కారు పెట్రోల్‌లో కంటే ఎలక్ట్రిక్‌లో రెండు వందల కిలోలు, ఆ పైన ఎక్కువ తూగుతుంది. ఆ బరువుకు టైర్లు అరుగుతాయి, అరిగిన రబ్బరు దుమ్ము రోడ్డు పక్కనే ఉంటుంది. బ్రేకులు తక్కువ అరుగుతాయన్నది నిజమే, ఆ మేరకు లాభం. అయినా పెద్ద బ్యాటరీ వేసుకున్న బరువైన ఎలక్ట్రిక్ కార్లు సన్నని దుమ్ము విషయంలో మామూలు కార్ల కంటే కొంచెం ఎక్కువే వదులుతాయని ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 2020 లో అంచనా వేసింది. తేలిక బండ్ల విషయంలో మాత్రం దుమ్ము తగ్గుతుందని అదే నివేదిక చెప్పింది. తేలిక బండికి మేలు, బరువు బండికి కీడు. ఆకుపచ్చ ప్లేటు ఈ తేడా చూపించదు.

ఇప్పుడు వీటి పక్కన బస్సును పెట్టి చూడండి. లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లు ఇచ్చే పాత డీజిల్ సిటీ బస్సు కిలోమీటరుకు 600 గ్రాములు వదులుతుంది. అందులో 50 మంది ఉంటే మనిషికి 12 గ్రాములు. నా ఎలక్ట్రిక్ స్కూటర్ మీద నేనొక్కణ్నే పోతే 26 గ్రాములు. ఎస్‌యూవీలో ఒక్కరే పోతే 140. కిక్కిరిసిన, దగ్గుతూ నడిచే డీజిల్ బస్సులో నిలబడి పోయే మనిషి వాటా, ఆకుపచ్చ ప్లేటు కారులో ఏసీ వేసుకుని పోయే మనిషి వాటాలో పదో వంతు కూడా కాదు. ఆ బస్సు వదిలే నల్లపొగ బస్టాపులో నిలబడ్డవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకే ముందు బస్సుకు కరెంటు పెట్టాలి. కానీ పర్యావరణ ప్రేమికుడు అన్న బిరుదు ఎవరికి ఇస్తున్నామో ఒకసారి చూసుకోవాలి.

బిరుదుతో ఆగితే బాధ లేదు. దాని వెంట డబ్బు కూడా పోతోంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఇచ్చిన జీవో 41 తో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు నూటికి నూరు శాతం మాఫీ చేసింది. 2026 డిసెంబర్ 31 దాకా వర్తిస్తుంది, బండ్ల సంఖ్యకు పరిమితి లేదు. పైన జీఎస్టీ కూడా 5 శాతమే. ఆ జీవో వచ్చిననాటి పన్ను రేట్ల ప్రకారం లక్షా ఇరవై వేల స్కూటర్ కొన్న చిరుద్యోగికి లైఫ్ టాక్సులో మిగిలింది సుమారు 14 వేలు. 20 లక్షల కారు కొన్నవారికి మిగిలింది 3 లక్షల 40 వేలు. అంటే ఒక్క కారుకు వదిలేసిన డబ్బుతో ఇరవైకి పైగా స్కూటర్లకు పూర్తి మాఫీ ఇవ్వవచ్చు. బండి ఎంత బరువైతే, ఎంత ఎక్కువ కరెంటు తాగితే, ఎంత ఎక్కువ రోడ్డు ఆక్రమిస్తే అంత పెద్ద బహుమతి. అటుపక్క పెట్రోల్ బంకులో పాత బండికి వంద రూపాయల పెట్రోల్ కొట్టించుకునే కూలీ మాత్రం లీటరు లీటరుకూ 35.2 శాతం వ్యాట్ కడుతూనే ఉన్నాడు. ఫ్లైఓవర్ కట్టేది ఆ పన్నులతో కూడా. దాని మీద ముందు దూసుకుపోయేది పన్ను కట్టని కారు. దీన్ని పర్యావరణ విధానం అనడానికి నాకు నోరు రాదు.

2023 డిసెంబర్ 9 న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైన దగ్గర్నుంచి మన సిటీ బస్సుల్లో ఆడవాళ్లు ఎలా ప్రయాణం చేస్తున్నారో చూస్తున్నాం. బస్సులు చాలక ఫుట్‌బోర్డు దాకా వేలాడుతున్నారు. పీఎం ఈ-డ్రైవ్ పథకానికి కేంద్రం పెట్టిన 10,900 కోట్లలో ఎలక్ట్రిక్ బస్సులకు 4,391 కోట్లు కేటాయించారు. హైదరాబాద్‌కు 2,000 బస్సులు ఇస్తామన్నారు. మంచిదే, ఎంత తొందరగా వస్తే అంత మేలు. ఇందులోనూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ ఎలక్ట్రిక్ బస్సుల్లో ఎక్కువ భాగం ఆర్టీసీ సొంతం కావు. ప్రైవేటు కంపెనీ బస్సు తెస్తుంది, డ్రైవర్‌ను పెట్టుకుంటుంది, ఆర్టీసీ కిలోమీటరుకు ఇంతని కడుతుంది. డ్రైవర్ ఇక ఆర్టీసీ ఉద్యోగి కాడు. డీజిల్ ఇంజన్‌తో పాటు డిపో గ్యారేజీలో పనిచేసే ఫిట్టర్ ఉద్యోగం కూడా పోతోంది. కార్మిక సంఘాలు ఈ మాట అంటే అభివృద్ధికి అడ్డుపడుతున్నారని ముద్ర వేస్తున్నారు. ఆర్టీసీయే సొంతంగా ఎలక్ట్రిక్ బస్సులు కొని, ఉన్న డ్రైవర్లకూ ఫిట్టర్లకూ శిక్షణ ఇవ్వాలని అడగడం ఏ విధంగా అడ్డుపడటమో నాకు అర్థం కాదు.

ఫిట్టర్ అంటే గుర్తొచ్చింది మా గల్లీ మెకానిక్. పదిహేనేళ్లుగా నా బండ్లన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. సౌండ్ విని జబ్బు చెప్పేవాడు. క్లచ్ ప్లేట్లు అరిగాయా, పిస్టన్ రింగులు పోయాయా, కార్బొరేటర్‌లో కచరా చేరిందా, బండి గల్లీ మలుపు తిరుగుతుండగానే తెలిసిపోయేది. మొన్న వానాకాలంలో నా ఎలక్ట్రిక్ స్కూటర్ స్క్రీన్ నల్లబడి కదలనని మొరాయిస్తే, తోసుకుంటూ ఆయన దగ్గరికే పోయాను. సీటు ఎత్తి చూశాడు. నారింజ రంగు వైర్లు, సీలు వేసిన నల్లడబ్బా. స్క్రూడ్రైవర్ కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు. "అన్నా, దీంట్ల ఏమున్నదో కంపెనీ కంప్యూటర్‌కు తప్ప ఎవ్వలికి తెల్వదు. నేను ముట్టుకుంటే నీ వారంటీ పోతది" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తన చేతి విద్య అక్కడికి ఆగిపోయిందని ఒప్పుకున్న మనిషి గొంతు అది. సర్వీస్ సెంటర్‌లో బండి పంతొమ్మిది రోజులు పడి ఉంది, పార్టు రాలేదన్నారు.

ఎలక్ట్రిక్ రంగం కొత్త ఉద్యోగాలు తెస్తుందని చెప్పేవాళ్లు తప్పు చెప్పడం లేదు. కానీ ఆ ఉద్యోగం ఆ మెకానిక్‌కు రాదు. ఆయనకు నలభై ఎనిమిదేళ్లు, ఏడో తరగతి దాకా చదివాడు, ఆయన షెడ్డులో ఇద్దరు పిల్లగాళ్లు పని నేర్చుకుంటున్నారు. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి చూడండి, ఇంజన్ బోరింగ్ మీద, లేత్ మెషిన్ మీద, గేర్ల పని మీద ఎన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయో. వరంగల్‌లో, కర్నూలులో, ప్రతి మండల కేంద్రంలో బస్టాండ్ పక్కన అలాంటి షెడ్డులుంటాయి. ఎక్కడా పేరు నమోదు కాని ఈ జనం గురించి ఏ వాహన విధానంలోనూ ఒక పూర్తి పేరా నాకు కనబడలేదు. కంపెనీలు రిపేరు పుస్తకం బయట పెట్టాలి, పార్టులు బజార్లో దొరకనివ్వాలి, ఊరి ఐటీఐలో సాయంత్రం పూట ఈ పనివాళ్లకు ఆరు నెలల కోర్సు పెట్టాలి. రాయితీలకు పెట్టే ఖర్చు ముందు ఇది ఏపాటి?

మెకానిక్ పోతే పోయేది ఆయన బతుకుతెరువొక్కటే అనుకోకండి. బీదవాడి బండి కూడా పోతుంది. మన దగ్గర పేదవాళ్లు కొత్త బండి కొనరు. ఎవరో ఆరేడేళ్లు నడిపి అమ్మేసింది కొంటారు. మేస్త్రీలు, పాలవాళ్లు, చేపలు అమ్మేవాళ్లు, పేపర్ బాయ్‌లు పాత పెట్రోల్ బండిని గల్లీ మెకానిక్ దగ్గర వెయ్యికో రెండు వేలకో బాగు చేయించుకుంటూ ఇరవై ఏళ్లు లాగుతారు. ఎలక్ట్రిక్ బండి వారంటీ తీరి సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చేసరికి బ్యాటరీ అలసిపోయి ఉంటుంది. కొత్త బ్యాటరీ అంటే అర లక్ష పైమాట, కొన్న బండి ధర కంటే ఎక్కువ. అందుకని సీలు తెరిచి, ఎక్కడివో పాత సెల్స్ కలిపి అతికించిన చవక బ్యాటరీ వేయిస్తారు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

నిప్పు సంగతి రాయడానికి నాకు ఇష్టం లేదు, ఎందుకంటే దాన్ని చూపించి భయపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, పెట్రోల్ బండ్లూ కాలుతాయి. కానీ 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ ఇంట్లో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో మంటలు లేచి, పైన గదుల్లో బస చేసిన ఎనిమిది మంది పొగకు బలయ్యారు. ఆ తర్వాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు గట్టిపరిచారు, మేలు జరిగింది. అయితే పార్కింగ్ ఉన్నవాడు కింద ప్లగ్ పెట్టుకుంటాడు. ఒక్క గది అద్దె ఇంట్లో ఉండే డెలివరీ కుర్రాడు బ్యాటరీ ఊడదీసి మూడంతస్తులు మోసుకుపోయి పిల్లలు పడుకున్న మంచం పక్కనే చార్జింగ్ పెట్టుకుంటాడు. ఆ కుర్రాడికి ఊరి మధ్యలో భద్రమైన చార్జింగ్ చోటు చూపించడం ప్రభుత్వం పని.

ఉత్తరాదిన ఇంకో విషాదం నడుస్తోంది. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, బిహార్ ఊళ్లలో ఈ-రిక్షాలు లక్షల్లో తిరుగుతున్నాయి. వాటిలో చాలావాటికి ఇప్పటికీ సీసం బ్యాటరీలే. ఏడాది, ఏడాదిన్నరకు అవి అయిపోతాయి. పాత బ్యాటరీని పగలగొట్టి, ఆసిడ్ మురికి కాల్వలో పారబోసి, సీసాన్ని పెరట్లో బట్టీ పెట్టి కరిగిస్తారు. ఆ పొగ పిల్లల రక్తంలోకి చేరితే వాళ్ల బుర్ర ఎదుగుదల దెబ్బతింటుంది, పోయినది తిరిగి రాదు. మన దేశంలో సుమారు 27.5 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం హద్దు దాటి ఉందని యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి 2020 లో అంచనా వేశాయి. దానికి ఈ-రిక్షాలే కారణమని అనను. రంగులు, గిన్నెలు, మసాలాలు, కార్ల బ్యాటరీలు, ఇన్వర్టర్లు అన్నీ ఉన్నాయి. కానీ ఆ బట్టీలకు కొత్త సరుకు పోస్తున్నవాటిలో ఇదొకటి. 2022 లో బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. పాత బ్యాటరీని వెనక్కి తీసుకోవడం తయారీదారు బాధ్యత అని కాగితం మీద చక్కగా ఉంది. పెరటి బట్టీవాడు కంపెనీ కంటే నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తే బ్యాటరీ ఎటు పోతుందో రిక్షావాడిని అడిగితే చెబుతాడు.

గనుల మాట వచ్చేసరికి నా పక్షం వాళ్లే తొందరపడి తప్పు మాట్లాడుతుంటారు. కాంగోలో పిల్లలు తవ్విన కోబాల్ట్ ప్రతి ఎలక్ట్రిక్ బండిలో ఉందంటారు. మన దేశంలో ఇప్పుడు తిరుగుతున్న ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటిది లిథియం-ఇనుము-ఫాస్ఫేట్ బ్యాటరీ, అందులో కోబాల్ట్ గానీ నికెల్ గానీ ఉండదు. అబద్ధంతో వాదన గెలవాల్సిన అవసరం మనకు లేదు. నిజంగా మన గడప దాకా వచ్చిన గని వేరే ఉంది. మోటారులో వాడే అయస్కాంతాలకు అరుదైన మృత్తికలు కావాలి. 2025 ఏప్రిల్‌లో చైనా వాటి ఎగుమతి మీద ఆంక్షలు పెట్టేసరికి మన స్కూటర్ల కంపెనీలు ఉత్పత్తి ఆగిపోతుందని గగ్గోలు పెట్టాయి. అప్పటి నుంచి దేశం చూపు సముద్రతీరపు ఇసుక మీద పడింది. ఆ ఖనిజాలుండే మోనజైట్ నిల్వల్లో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. శ్రీకాకుళం నుంచి భీమిలి మీదుగా కిందికి సాగే తీరం అది. మత్స్యకారుల ఊళ్లు, సరుగుడు తోటలు, వలలు ఆరేసుకునే దిబ్బలు ఉన్న చోటు.

2025 సెప్టెంబర్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. అణు ఖనిజాలు, కీలక ఖనిజాల గనులకు పర్యావరణ అనుమతిలో భాగంగా జరగాల్సిన ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని. దేశ అవసరం, వ్యూహాత్మక ఖనిజం అని కారణం చెప్పింది. ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఏమిటో తెలిసినవాళ్లకు దీని బరువు తెలుస్తుంది. టెంటు వేసి, కలెక్టర్ కూర్చుని, మైకు ఊరివాళ్ల చేతికి వచ్చే ఒకే ఒక్క రోజు అది. ఎంత తూతూమంత్రంగా జరిగినా ముసలమ్మ ఒకతి లేచి "మా ఇసుక దిబ్బ తవ్వితే తుఫానుకు మాకు అడ్డేది?" అని అడిగితే అది రికార్డుల్లోకి ఎక్కుతుంది. ఆ మైకే తీసేశారు. నగరంలో గాలి శుభ్రం కావడానికి చెల్లించిన ధరల్లో ఇదొకటని ఎంతమంది ఆకుపచ్చ ప్లేటు యజమానులకు తెలుసు?

పెట్రోల్ కోసం మాత్రం తవ్వలేదా, యుద్ధాలు జరగలేదా, సముద్రాలు పాడు కాలేదా అని అడుగుతారు. అన్నీ జరిగాయి. నూరేళ్లు ఆ లెక్క ఎవరూ అడగకపోవడం వల్లే ఇంత దూరం వచ్చాం. అందుకే ఈసారి మొదట్లోనే అడుగుతున్నాను.

తెలంగాణ ఇచ్చిన రోడ్డు టాక్సు మాఫీ గడువు తీరుతుంది. పొడిగించమని కార్ల కంపెనీలు తప్పకుండా అడుగుతాయి. కొత్త జీవో రాసేవాళ్లు "ఎలక్ట్రిక్" అనే ఒక్క మాట చూసి సంతకం పెట్టకూడదు. స్కూటర్లకు, ఆటోలకు, సరుకు బండ్లకు, బస్సులకు మాఫీ ఉంచండి. కార్లకు ధర మీదా బరువు మీదా పరిమితి పెట్టండి, అది దాటితే అందరిలాగే పన్ను వసూలు చేయండి. ఆ వచ్చిన డబ్బును ఆర్టీసీకి సొంత బస్సులు కొనడానికి, మెకానిక్‌ల శిక్షణకు, పగటిపూట చార్జింగ్‌కు, గొట్టాలకు పొగ కడిగే యంత్రాలు పెట్టించడానికి రాసిపెట్టండి. నగరం కూడళ్లలో గాలి ఎంత పాడైందో అంకెల్లో చూపే బోర్డులు పెట్టారు. బూడిద చెరువు పక్కన ఉన్న ప్రతి ఊరికీ అలాంటి బోర్డు ఒకటి పెట్టండి, బస్టాండులోనో బడి గేటు దగ్గరో, అందరికీ కనబడేలా. మా అమ్మకు అంకెలు చదవడం వచ్చు.